ఎర్రబడిన చోట రుద్దకండి

జూన్ 3

పిడుగుకి,

క్షేమసమాచారాలు, ఆశీస్సులు ఉత్తరం చివర ఉంటాయి. అవి కావాలంటే ముందు నా తిట్లు పూర్తిగా చదవాలి. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "సరే అత్తా, అలాగే అత్తా" అని పెట్టేసి నీకు తోచిందే చేస్తావు. కాగితమైతే నీ బల్ల మీదే పడి ఉంటుంది, తప్పించుకోలేవు.

నేను ఇక్కడ వృద్ధాశ్రమానికి వెళ్లి ఆయాలకు పని నేర్పుతున్నానని మీ నాన్న చెప్పే ఉంటాడు. "రిటైరయ్యాక కూడా ఆసుపత్రి వాసన తగలకపోతే మా అక్కకి అన్నం సయించదు" అని కూడా అని ఉంటాడు. నా తమ్ముడి నోరు నాకు తెలియనిదా! నిన్న పై అంతస్తులో ఒక గదిలోకి వెళ్లాను. మంచంలోంచి కదలలేని ముసలావిడ. తుంటి దగ్గర చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఆయా దాని మీద నూనె పోసి అరచేత్తో గట్టిగా రుద్దుతోంది. ఎంత శ్రద్ధగా రుద్దుతోందంటే, పాపం ఆ పిల్లకి చెమటలు పడుతున్నాయి.

"ఆపమ్మా! ఎవరు చెప్పారు నీకిలా రుద్దమని?" అన్నాను.

"మీరే చెప్పారు మేడమ్," అంది.

ఆ పిల్లని నేను చూడడం అదే మొదటిసారి. తను చేతులు తుడుచుకుని బీరువా తలుపు చూపించింది. దాని మీద టేపుతో అంటించిన కాగితం. మన ఆసుపత్రి వెబ్‌సైట్‌లో నేను రాసిన పేజీ, "మంచాన ఉన్నవారిని చూసుకోవడం ఎలా". పైన నా ఫోటో. ఆ ఫోటోలో జుట్టు నల్లగా, ముఖం నిండుగా, ఎవరో సినిమా తారలా ఉన్నాను. కింద చూస్తే "మా హెడ్ నర్సు సూచనలు. చివరిసారి సరిచూసిన తేదీ: ఏప్రిల్ 12".

ఏప్రిల్ 12న నేను ఇక్కడ వంటింటి కుళాయి బాగుచేయించుకుంటున్నాను. నా పేరు మీద సరిచూసిన ఆ మహానుభావుడెవరు? కందిన చోట రుద్దితే లోపల కండ ఇంకా చితికి పుండు పడుతుందని తెలిసి, నేను ఉద్యోగంలో ఉండగానే వార్డులో ఆ పని మాన్పించాను. పేజీ మార్చమని మీ ఆఫీసుకి చెప్పాను. దిగిపోయే రోజున నీకు మొహం మీదే చెప్పాను, అది తీసెయ్యమని. పాచిపోయిన కూరని వేడిచేసి నా చేతివంట అని వడ్డిస్తున్నారా?

ఈ ఉత్తరం అందిన రోజే తీసెయ్యి. మోకాళ్లకి వ్యాయామం మానొద్దని నాన్నకి చెప్పు.

సగం ఆశీస్సులతో (మిగతా సగం పేజీ తీశాక),
నీ మేనత్త

—

జూన్ 9

సగం ఆశీస్సుల అత్తకి,

పూర్తి నమస్కారాలు. నాన్న మోకాళ్లు బాగానే ఉన్నాయి, వ్యాయామం పేరుతో పేపరు చదువుతూ ఒక కాలు ఊపుతున్నారు.

మహానుభావుడు కాదు అత్తా, మహానుభావురాలు. నేనే.

మా పద్ధతి చెబుతాను, విను. వెబ్‌సైట్‌లో ప్రతి పేజీకీ ఒక యజమాని ఉంటారు. ఆరు నెలలకోసారి కంప్యూటర్ ఆ యజమానిని అడుగుతుంది, ఈ పేజీ ఇంకా సరిగ్గానే ఉందా అని. జవాబు రాకపోతే ఆ పేజీ తీసేయాల్సినవాటిలోకి పోతుంది. వాటిని మేం ఎండుటాకులు అంటాం. నువ్వు వెళ్లిపోయాక నీ పేజీకి దిక్కు లేకపోతే నా పేరు మీద రాయించుకున్నాను. కంప్యూటర్ అడిగినప్పుడల్లా "ఉంది" అని నొక్కుతున్నాను.

ఎందుకని అడుగు. నీ వార్డు పడగొట్టేశారు. నీ డ్యూటీ గది ఉన్నచోట ఇప్పుడు కార్లు పెడుతున్నారు. నువ్వు వెళ్లేటప్పుడు గోడ గడియారం ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఇంత పెద్ద ఆసుపత్రిలో నువ్వున్నావనడానికి ఆ పేజీ ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా నా చేత్తో ఎండుటాకుల్లోకి ఊడ్చెయ్యనా? ఇన్ని పేజీలు తీసేస్తుంటాను, మా అత్తది ఒక్కటి ఉంచుకుంటే ఎవరి సొమ్మేం పోయింది? పైగా సైట్ మొత్తంలో అందరికన్నా ఎక్కువమంది చదివేది నీదే. తీసెయ్యమని ఆ రోజు నువ్వు అలిగి అన్నావనుకున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాక అసలు సంగతి పట్టేశాను. తిట్టిన తిట్లలో సగం ఫోటో మీదే ఉన్నాయి. కొత్త ఫోటో పంపు, మారుస్తాను. రుద్దమన్న వాక్యం కూడా నిన్ననే తీసేశాను. ఇక కోపం తగ్గించుకో. మా గది ఇప్పుడు నేలమాళిగలోకి మారింది, ఏసీ నీళ్లు కారుతుంటే కింద బకెట్ పెట్టుకుని పనిచేస్తున్నాం. నీ తిట్లు కూడా పడితే బకెట్ చాలదు.

మిగతా సగం కోసం ఎదురుచూస్తూ,
పిడుగు

—

జూన్ 15

అత్తకి ఫోటో మీద కోపమని కనిపెట్టిన మేధావికి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియక రెండూ చేశాను. చప్పుడుకి పక్కవాటావిడ వచ్చి "అంతా బాగానే ఉందా అండీ?" అని అడిగింది. మా మేనకోడలు ఉత్తరం రాసిందన్నాను. ఎవరైనా పోయారేమో అనుకుందట, పాపం కాసేపు ఓదార్చి వెళ్లింది.

ఒక వాక్యం తీశావు, సరే. తీయగానే మీ యంత్రం తేదీ మార్చేసింది. ఇప్పుడు ఆ పేజీ మీద జూన్ 8 అని ఉంది. అంటే కూర ఇంకాస్త తాజాగా కనిపిస్తోంది! కింది పేరాలో నడుం కింద గాలి రింగు పెట్టమని ఉంది, అది చదివావా? ఆ రింగు అంచుల దగ్గర ఒత్తుకుపోయి మధ్యలో రక్తం సరిగ్గా ఆడదు. వాడొద్దని చెప్పి ఎన్నాళ్లయిందో. ఇంకా ఏమేం పాతబడ్డాయో నేనే కూర్చుని చూడాలి. నువ్వు మాత్రం చూడకుండానే "ఉంది" అన్నావు.

నన్ను తప్పుగా అర్థం చేసుకోకు. ఆ పేజీ రాసినందుకు నాకు సిగ్గు లేదు. అప్పట్లో అందరం అలాగే చేశాం, మాకు నేర్పినవాళ్లూ అలాగే చేశారు. ఈ చేతులతో ఎన్ని వీపులు రుద్దానో! తర్వాత తెలిసింది, మానేశాం. వైద్యంలో అది మామూలే. సిగ్గుపడాల్సింది ఆ తేదీ చూసి. రాత్రింబవళ్లు అమ్మనో నాన్ననో చూసుకుని కళ్లు లోపలికి పోయినవాళ్లు ఆ పేజీ తెరుస్తారు. వాళ్లకి నేనెవరో తెలియదు, నువ్వెవరో తెలియదు. తేదీ చూస్తారు, నమ్ముతారు.

నువ్వు ప్రేమతో చేశావని నాకు తెలుసు. ఆ ఆయా కూడా ప్రేమతోనే రుద్దింది.

నన్ను ఆసుపత్రిలో బతికించి ఉంచాలని నీకంత కోరికగా ఉంటే, నేను చెప్పింది చెయ్యి. మీ పెద్దసారుకి చెప్పి పేజీ మొత్తం దించెయ్యి. నీకు నోరు పెగలకపోతే చెప్పు, నాకు పెగులుతుంది.

అత్త

—

జూన్ 24

అత్తకి,

నీ మాటే నెగ్గింది. ముందు ఆ ముక్క చెప్పేస్తున్నాను, ఇక మిగతా ఉత్తరమంతా నా ఏడుపే.

నీ ఉత్తరం పట్టుకుని పెద్దసారు దగ్గరికి వెళ్లాను. వెబ్‌సైట్, ప్రచారం, పత్రికలు అన్నీ ఆయన చూస్తారు. "ఆ పేజీ మన కామధేనువమ్మా," అన్నారు. "జనం ఏం వెతికినా మన ఆసుపత్రి పేరు ముందు వస్తోందంటే దాని చలవే. కొత్త భవనం ప్రారంభం అయ్యేదాకా దాని జోలికి పోకు." నేను గాలి రింగు గురించి చెప్పబోతే, "వైద్యం సంగతి మనకెందుకు? మనం రాతకోతల వాళ్లం," అన్నారు. నోరు మూసుకుని వచ్చేశాను. మెల్లగా ఇంకోసారి అడుగుదామనుకున్నాను.

ఈలోగా నువ్వు నేరుగా సూపరింటెండెంట్ గారికే రిజిస్టర్డ్ ఉత్తరం కొట్టావు. ఒక్క మాట నాకు చెప్పాలనిపించలేదా అత్తా? ఆయన పెద్దసారుని పిలిచి దులిపారు. పెద్దసారు కిందికి దిగి వచ్చి, అందరి ముందూ నన్ను దులిపారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇన్నాళ్లూ సామెతే అనుకున్నాను. ఆ దుత్త నేనే అయ్యాను.

నిన్నటిదాకా కామధేనువు అన్న మనిషే ఇవాళ "శుక్రవారం కల్లా పీకి పారెయ్, ఆనవాలు కూడా ఉండకూడదు" అంటున్నారు. యజమాని తప్ప ఇంకెవరూ పేజీ తీయలేరు కాబట్టి ఆ పని కూడా నేనే చెయ్యాలి. ఇక నీ పేజీ కోసం వచ్చినవాళ్లకి "మీరు వెతుకుతున్న పేజీ లేదు" అని కనిపిస్తుంది. సంతోషమేనా?

మిగతా సగం ఆశీస్సులు అక్కర్లేదు, ఉంచుకో.

నీ మేనకోడలు

—

జూన్ 28

పిడుగూ,

చెప్పకుండా సూపరింటెండెంట్‌కి రాయడం నా పొరపాటే. నీ మీద పడుతుందని ఆలోచించలేదు. ఆయన హౌస్ సర్జన్‌గా సూది గుచ్చడానికి చేతులు వణికే రోజుల నుంచి ఎరుగుదును, అందుకే రాసేశాను. ఆ విషయంలో ఎన్ని తిట్టినా పడతాను.

ఇప్పుడు అది పక్కన పెట్టి నా మాట విను. ఘోరం జరిగింది.

ఇవాళ ఆశ్రమానికి వెళ్లేసరికి మేనేజరమ్మ గదిలో హడావుడి. ఆ కాగితం మూలన నలుపుతెలుపు గళ్ల చదరం ఉంటుంది కదా, ఫోను పెడితే పేజీ తెరుచుకునేది. ఆయాలకి ఏ అనుమానం వచ్చినా దాని మీద ఫోను పెట్టి చూసుకుంటారట. నిన్న సాయంత్రం పెడితే పేజీ లేదని వచ్చింది. మేనేజరమ్మ ఏం చేసిందో తెలుసా? "అయ్యో, పేజీ పోయిందట, ఇంత మంచి కాగితం మళ్లీ దొరకదు" అని దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించింది! ప్రతి గదికీ ఒక కాపీ. రుద్దడంతో సహా, రింగుతో సహా. నేను వద్దని ఎంత మొత్తుకున్నా, "పెద్దాసుపత్రి కాగితమండీ, మీరు ఒక్కరు చెబితే ఎలా?" అంటుంది. దాని మీద ఉన్న ఫోటో నాదే తల్లీ అంటే, ఒకసారి ఫోటో చూసి, ఒకసారి నా జుట్టు చూసి, నమ్మలేదు.

దించెయ్యమంటే ఇలా గప్‌చుప్‌గా మాయం చెయ్యమని కాదే నా అర్థం. అది ఎంతమంది ఇళ్లలో, ఎన్ని బీరువాల మీద ఉందో మనకి తెలియదు. వాళ్లకి అది తప్పని చెప్పడానికి మనకున్న దారి ఆ చిరునామా ఒక్కటే. దాన్ని నువ్వు మూసేశావు. వెంటనే తెరువు. పేజీ నెత్తిన, పెద్ద అక్షరాల్లో, నా ఫోటో పక్కనే ఇది పెట్టు:

"ఈ పేజీ రాసింది నేనే. అప్పట్లో మాకు ఇలాగే నేర్పారు. ఇప్పుడు ఇందులో కొన్ని హాని చేస్తాయని తేలింది. ఎర్రబడిన చోట రుద్దకండి. నడుం కింద గాలి రింగు పెట్టకండి. ఆ చోట బరువు పడకుండా పక్కకి తిప్పండి, ఆలస్యం చేయకుండా నర్సుకో డాక్టరుకో చూపించండి. ఈ పేజీని అచ్చు తీసి పెట్టుకున్నవాళ్లు చింపెయ్యండి. చింపడానికి మొహమాటపడకండి, రాసినదాన్ని నేనే చెబుతున్నాను."

ఒక్క అక్షరం మార్చకు.

అత్త

—

జూలై 4

అత్తకి,

నీ ఉత్తరం పట్టుకుని మళ్లీ పైకి వెళ్లాను. నాకు నోరు పెగలదంటావు కదా, ఈసారి పెగిలింది. పెద్దసారుతో పాటు న్యాయ సలహాదారు కూడా ఉన్నారు. నువ్వు రాసింది చదివి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"'హాని' అని మనమే రాస్తే రేపు ఎవరైనా కోర్టుకి వెళ్లరూ?" అన్నారు. "తప్పు అనే మాట మన గోడల మధ్య ఉండాలి గానీ గోడ మీద కనపడకూడదమ్మా."

"మరి ఇళ్లలో రుద్దుతున్నవాళ్ల సంగతి సార్?" అన్నాను.

"పేజీ లేదుగా. లేనిదాన్ని చూసి ఎవరు రుద్దుతారు?" అన్నారు పెద్దసారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

నేను ఏం చెయ్యను అత్తా? నీకు పింఛను వస్తుంది. ఎవరినైనా ఎదిరించగలవు. నాకు ఈ ఉద్యోగం తప్ప వెనకా ముందూ ఏమీ లేదు. పిల్లి మెడలో గంట ఎప్పుడూ నేనే కట్టాలా? నీకు కావాలంటే తియ్యాలి, నీకు కావాలంటే పెట్టాలి. నేనేమైనా నీ వార్డులో ట్రైనీనా?

అంత మాట రాశాక కూడా నీకు ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. లేని పేజీ కోసం ఎవరెవరు వస్తున్నారో మాకు కనిపిస్తుంది. ఆ చిరునామాకి జనం వస్తూనే ఉన్నారు. తలుపు మూసి ఉందని తెలిసి, సైట్‌లో వెతికే చోట ఏదో టైపు చేస్తారు. "అమ్మ నడుం ఎర్రగా ఏం చేయాలి." "మంచం మీద నాన్న పుండు." ఒకరైతే "హెడ్ నర్సు గారు ఎక్కడ" అని కొట్టారు. నిన్న ఒకాయన మెయిల్ పంపారు, పేజీ పోయినా దిగులు పడొద్దని, తన ఫోనులో దాని ఫోటో ఉందని, తెలిసినవాళ్లందరికీ పంపిస్తున్నానని. మనకి సాయం చేస్తున్నానని అనుకుంటున్నాడు.

అన్నం సహించడం లేదు.

నీ మేనకోడలు

—

జూలై 9

పిడుగూ,

నీ ఉద్యోగం నువ్వు చూసుకో. నేను ఇక ఏమీ అడగను.

నా పని నేను చేసుకుంటున్నాను. లావుపాటి నల్ల మార్కర్లు ఒక డబ్బా కొన్నాను. మొన్న ఆశ్రమంలో గదిగదికీ వెళ్లి ఆ ప్లాస్టిక్ కాగితాల మీద రుద్దడం, రింగు, రెండూ కొట్టేశాను. నా ఫోటోకి మీసాలు కూడా పెట్టాను, ఎలాగూ నేను కాదంటున్నారు కదా అని. మేనేజరమ్మ వచ్చి నానా యాగీ చేసింది. మొదటిరోజు రుద్దుతూ కనిపించిన ఆయా మాత్రం, నాకు అందని చోట కుర్చీ వేసి పట్టుకుంది. నిన్నటి నుంచి ఆశ్రమానికి రావద్దన్నారు. ఊళ్లో ఇంకా రెండు ఆశ్రమాలున్నాయి. వాటికి వెళ్తున్నాను, మార్కర్లు చాలానే ఉన్నాయి.

నాన్న కాలు ఊపితే చాలదు, లేచి నడవాలని చెప్పు.

అత్త

—

జూలై 17

అత్తా,

"ఇక ఏమీ అడగను" అని రాశావు. నన్ను ఇంత తిట్టిన మనిషివి, చివరికి వదిలేశావు. ఆ ఒక్క వాక్యానికి రెండు రోజులు ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఒళ్లు మండింది. నన్ను పనికిరానిదని తీర్మానించడానికి నువ్వెవరు?

నువ్వు అడగకపోయినా చేశాను. చదువు.

తీసేసిన పేజీలు కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటాయి. యజమాని కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. తెచ్చాను. తేగానే కంప్యూటర్ మామూలుగా అడిగే ప్రశ్నే అడిగింది, ఈ పేజీ సరిగ్గానే ఉందా అని. ఇన్నేళ్లుగా నేనే కాదు, మా ఆఫీసులో ఎవ్వరూ "ఉంది" తప్ప ఇంకోటి నొక్కి ఎరగరు. ఈసారి నేను "లేదు" నొక్కాను. అది నొక్కితే కారణం రాయమని ఒక గడి తెరుచుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. అందులో రాసింది పేజీ నెత్తిన ఎర్రటి పట్టీలో వచ్చి కూర్చుంటుందట. పెద్దసారు స్వయంగా రాసిన నిబంధనే అది, ఎవరూ వాడరని ధైర్యం కాబోలు! నువ్వు పంపింది అక్షరం మార్చకుండా ఎక్కించాను. ఫోటో కూడా పాతదే ఉంచాను, జనానికి ఆ ముఖమే గుర్తు కదా.

గంట తిరక్కుండా పిలుపు వచ్చింది.

"ఎవరిని అడిగి పెట్టావ్?" అన్నారు పెద్దసారు.

"నా పేజీ సార్. సరిగ్గా లేదు, లేదని చెప్పాను. నిబంధన మీదే."

"ఇప్పుడే తీసెయ్."

"నేను తీయను సార్. మీరు తీయొచ్చు, పేజీ మీ పేరు మీదికి మార్చుకోండి. మార్చుకోవాలంటే 'మొత్తం చదివాను, అంతా సరిగ్గా ఉంది' అని సంతకం పెట్టాలి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆయన పెన్ను తీశారు. పేజీ తెరిచి ముందు నీ మాటలు చదివారు, తర్వాత కింద చదివారు. పెన్ను మూసేశారు. ఎవరో ఒక డాక్టరు చేత పెట్టిస్తానన్నారు. ఆ మధ్యాహ్నమంతా కాగితం పట్టుకుని అంతస్తులన్నీ తిరిగారు. చదివిన ప్రతి డాక్టరూ "ఇది తప్పు కదండీ, దీని మీద నా సంతకం ఎలా?" అన్నారట. మింగలేరు, కక్కలేరు. పేజీ అలాగే ఉంది, అత్తా. నెత్తిన నువ్వు నిలబడి ఉన్నావు.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీ ఇవ్వాలి. భయంగానే ఉంది. కానీ తీయను.

ఇంకా నీ మేనకోడలినే అనుకుంటూ,
పిడుగు

—

జూలై 22

నా పిడుగుకి,

వదిలేశాననుకున్నావా? పిచ్చిదానా. నీకు ఉద్యోగం పోతుందని భయపడి రాశాను ఆ ముక్క. నా మొండితనానికి నువ్వు బలవుతావని. అంత మాట రాయడానికి నాకెంత కష్టమైందో నీకేం తెలుసు? నువ్వు దాన్ని తిట్టుగా తీసుకుని ఇంత పని చేశావంటే, ఇకమీదట నీతో మంచిగా మాట్లాడకూడదు.

ఏడ్చాను. దాచిపెట్టి ఏం లాభం? ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను డాక్టర్లతో పోట్లాడాను, సూపరింటెండెంట్లతో పోట్లాడాను. నా పక్కన నిలబడిన మనిషి ఎప్పుడూ లేదు. నా మాటే సరి అని అందరూ తర్వాత ఒప్పుకునేవాళ్లు, చెవిలో. నువ్వు పైకి చెప్పావు.

సంజాయిషీలో క్షమాపణ రాయకు. "పేజీ సరిగ్గా లేదు కాబట్టి లేదన్నాను" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టు. ఇంకేమైనా అడిగితే నన్ను పిలవమను. పొద్దున్న బస్సుకి వచ్చేస్తాను, నోరు కూడా వెంట తెచ్చుకుంటాను.

మిగతా సగం ఆశీస్సులు, వడ్డీతో సహా,
అత్త

—

ఆగస్టు 5

అత్తకి,

ఉద్యోగం పోలేదు. కుర్చీ పోయింది. నువ్వు చెప్పినట్టే ఒక్క వాక్యం రాసిచ్చాను. వాళ్లు కూడా ఒక్క వాక్యమే ఇచ్చారు, నన్ను జనం చేసే విచారణ ఫోన్ల దగ్గరికి బదిలీ చేస్తూ. అద్దాల గది, చెవికి ఫోను, వరసగా నలుగురం. ఏసీ నీళ్లు కారడం లేదు, అదొక్కటి లాభం. శిక్ష అనుకుని వేశారు. నేను తల వంచుకుని వెళ్తానని చూసినట్టున్నారు, బకెట్ కూడా వాళ్లకే వదిలేసి దర్జాగా వెళ్లాను.

పేజీ ఇంకా నా పేరు మీదే ఉంది. తీసుకునేవాళ్లు దొరకలేదు. కొత్త వార్డు నర్సులు మాత్రం కూర్చుని కొత్త పేజీ రాస్తున్నారు. అది వచ్చేదాకా నీ ఎర్రపట్టీ కదలదు.

ఇక్కడ ఒక నియమం ఉంది. ఎవరు ఫోను చేసినా ఏ విభాగానికి వెళ్లాలో చెప్పి పెట్టెయ్యాలి, సొంత కవిత్వం కూడదు. నిన్న పొద్దున్న ఒకాయన చేశాడు. గొంతు చూస్తే నా వయసే ఉంటుంది. వాళ్ల అమ్మ చాలా రోజులుగా మంచం మీద ఉందట, నడుం దగ్గర ఎర్రబడి పుండు పడుతోందట.

"మీ పేజీ చూశానండీ," అన్నాడు. "పైన ఎర్రగా రాసి ఉంది. నేను ఇన్నాళ్లూ రుద్దుతున్నాను. రోజూ రుద్దుతున్నాను. నేనే చేశానా ఆ పుండు?"

ఈ ప్రశ్నని ఏ విభాగానికి పంపాలో మా జాబితాలో లేదు.

"ప్రేమగా చూసుకున్నారు సార్. మీకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, అంతే," అన్నాను. "ఇప్పుడు తెలిసింది కదా. ముందు అమ్మని పక్కకి తిప్పుదాం."

"ఒక్కణ్నే ఉన్నాను. చేతులు ఆడడం లేదు."

"ఫోను పక్కన పెట్టి పెద్దగా మాట్లాడండి. నేను ఉంటాను."

ఎలా తిప్పాలో నాకు తెలుసు, అత్తా. నీ పేజీలో ఎన్ని తప్పులున్నా ఆ ఒక్క పేరా సరిగ్గానే ఉందని కొత్త నర్సులు కూడా ఒప్పుకున్నారు. వాళ్ల అమ్మ మోకాలు ఒకటి మడవమన్నాను. భుజం మీద ఒక చెయ్యి, తుంటి వెనక ఒక చెయ్యి వెయ్యమన్నాను, కందిన చోట తగలకుండా. "అమ్మా, తిప్పుతున్నాను" అని ముందు ఆవిడకి చెప్పమన్నాను. అవతల నుంచి ఆయన చెప్పడం వినిపించింది. తర్వాత మంచం కిర్రుమంది, ఆవిడ మూలిగింది, ఆయన ఊపిరి.

అద్దం అవతల సూపర్‌వైజరు వేలితో గడియారం చూపించి, ఫోను పెట్టెయ్యమని సైగ చేశాడు. వీపుకి దిండు ఆనించమన్నాను. మోకాళ్ల మధ్య ఇంకోటి. సూపర్‌వైజరు తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు, నా బల్ల మీద వేళ్లతో కొట్టాడు. పక్క ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఎర్రటి చోట బరువు పడుతోందా సార్? వంగి చూడండి," అన్నాను ఫోనులో.

అవతల దిండు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"లేదండీ," అన్నాడు. "అమ్మ కళ్లు మూసుకుంది. హాయిగా ఉందట." తర్వాత, "ఇప్పుడు పెట్టెయ్యనా?" అని అడిగాడు.

"అక్కర్లేదు, ఇంటికి నర్సుని ఎలా పిలిపించుకోవాలో కూడా రాసుకోండి," అని మొదలుపెట్టాను. సూపర్‌వైజరు చెయ్యి చాచి నిలబడ్డాడు. నేను పెట్టలేదు.

పిడుగు